మా నాటకకవి రాసిన చిన్న మాట

మంథనిలో నా చిన్నప్పుడు ఎవరు ఎంత దూరం నుంచి వచ్చినా గడపలోనే ఒక మాట వినిపించేది: "కాళ్లు కడుక్కో, బువ్వ తిందువు." పెద్దపల్లి బస్సు దిగి వచ్చిన చుట్టానికీ అదే, ఏళ్ల తర్వాత మస్కట్ నుంచి వచ్చిన మనిషికీ అదే. అది ఒక నాటకంలో మాట అని బడిలో చేరాక గానీ నాకు తెలియలేదు. తాతల తాతల కాలంలో మా ఊళ్లోనే బతికిన ఒక కవి రాసిన నాటకం. ఆయన ఇల్లు ఎక్కడుండేదో చూపించగలిగినవాళ్లు లేరు. నాటకం మాత్రం ఏటా ఎండకాలంలో బడి మైదానంలో ఆడేవాళ్లు.

కథ చిన్నదే. యుద్ధానికి పోయి శత్రువుల చెరలో చిక్కిన సైనికుడు చాలా ఏళ్లకు ఇల్లు చేరతాడు. వాకిట్లో ఆడుకుంటున్న కూతురు "ఎవరివయ్యా నీవు?" అని అడుగుతుంది. ఆయన తన వంశాన్నీ పరాక్రమాన్నీ చెప్పుకుంటూ పెద్ద పద్యం పాడతాడు. అంతా విని ఆ పిల్ల అనేది ఆ మాటే. అంత బరువైన పద్యం తర్వాత కవి ఒక ఇంటి మాట రాశాడు. ఊరు పద్యాన్ని నాటకానికే వదిలేసి, ఆ మాటను ఇంటికి తెచ్చుకుంది.

నాకు ఏడేళ్లప్పుడు బాపు దుబాయి నుంచి వచ్చాడు. నేను అవ్వ కడుపులో ఉండగా పోయిన మనిషి. అక్కడి యజమాని పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకోవడంతో మధ్యలో ఒక్కసారి కూడా రాలేకపోయాడు. ఫోన్‌లో గొంతు తెలుసు, మనిషి తెలియదు. నేను ఆయన్ని బాపూ అని పిలిచేదాన్ని కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే "ఆయన చాయ్ అడుగుతుండు" అని అవ్వకు చెప్పేదాన్ని. ఒకసారి అవ్వ నన్ను కోప్పడబోతే బాపు ఆపాడు.

"పిల్లనేమనకు. నేనే ఇంక అలవాటు గాలే," అన్నాడు.

ఆ ఏడు సైనికుడి వేషం వేయాల్సినతను తానే గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. హార్మోనియం వాయించి నాటకం నడిపించే మా పెద్దసారు, బాపు వెనుకట పద్యాలు పాడేవాడని ఎవరో చెబితే ఇంటికి వచ్చి అడిగారు. బాపు తన వల్ల కాదన్నాడు. కూతురి వేషం నాదేనని సారు చెప్పాక సరేనన్నాడు.

రిహార్సల్ చేసినన్ని రోజులూ నా ప్రశ్నను హార్మోనియం వైపు చూస్తూనే అడిగాను. ఆయన ముఖం చూసి అడగమని సారు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. బాపు మాత్రం ప్రతిసారీ పద్యం తప్పు లేకుండా పాడేవాడు. దుబాయిలో కూలీల క్యాంపు గదిలో జగిత్యాల, నిర్మల్ వాళ్లతో కలిసి సెలవు రోజైన శుక్రవారాలు అదే పాడుకునేవాడని అవ్వ తర్వాత చెప్పింది.

నాటకం రోజు, ఇంకా పొద్దు గూకక ముందే మా ఘట్టం వచ్చింది. బాపుకు చినిగిన అంగీ తొడిగి, బంకతో తెల్ల గడ్డం అతికించారు. ఆ గడ్డంతో ఆయన మా ఇంట్లో మనిషిలా లేడు. అందుకేనేమో నాకు బెరుకు పోయింది. మొదటిసారి నేరుగా కళ్లలోకి చూసి అడిగాను, "ఎవరివయ్యా నీవు?"

హార్మోనియం మీద పద్యం ఎత్తుగడ వినిపించింది. బాపు అందుకోలేదు. సారు మళ్లీ వాయించారు. బాపు మోకాళ్ల మీద కూర్చుని నా ఎత్తుకు వచ్చాడు.

"ఒక్కనాడన్న నిన్ను ఎత్తుకోలేకపోయిన బాపును బిడ్డా," అన్నాడు.

నాటకంలో లేని మాట అది. హార్మోనియం ఆగిపోయింది. ముందు వరుసల్లో కూర్చున్న ఆడవాళ్లలో చాలామంది ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు. పద్యం రాకుండా నా మాట చెప్పొచ్చో లేదో తెలియక సారు వైపు చూశాను. చివరికి "కాళ్లు కడుక్కో" అన్నాను. మిగతా సగం నేను అనేలోపే "బువ్వ తిందువు" అని ముందు వరుసల ఆడవాళ్లే నా బదులు అన్నారు.

బాపు నన్ను ఎత్తుకున్నాడు. గడ్డం గుచ్చుకుంది. ఇంటికి పోతుంటే దాన్ని పీకేయబోయాడు.

"బాపూ, జరసేపు ఉండనియ్యి," అన్నాను. ఆయన్ని అట్లా పిలవడం అదే మొదలు.

తర్వాత బాపు మళ్లీ దుబాయి పోయాడు, మధ్యమధ్య వచ్చాడు, ఆఖరికి వచ్చి ఊళ్లోనే ఉండిపోయాడు. నేను టీచరునై ఉట్నూర్ దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో తెలుగు చెబుతున్నాను. ఆ కవి మాత్రం నాకంటే ఎక్కువ తిరుగుతున్నాడు. గల్ఫ్ నుంచి దిగినవాళ్లు ఎయిర్‌పోర్టులో ఆ మాట పెట్టి రీల్స్ చేస్తున్నారు. కరీంనగర్‌లో కాలేజీ పిల్లలు అదే కథను ఒక్క మాటా లేకుండా, చెంబూ నీళ్లతోనే నృత్యంగా ఆడారు.

మొన్నటి ఏడు మా పిల్లలతో ఆ ఘట్టం వేయించాలనుకున్నాను. కూతురి వేషానికి ఎంచుకున్న గోండు పిల్ల పాఠమంతా చదివి వచ్చి అడిగింది.

"టీచర్, మా తాన ఇంటికొచ్చినోళ్లకు ముందుగాల నీళ్లిస్తం. ఎవరు, ఎక్కడికెల్లి వచ్చిన్రని గటెన్క అడుగుతం. గీ పిల్ల ముందే ఎందుకడుగుతది?"

కవి రాసింది మార్చకూడదని చెప్పి పంపాను. కానీ రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తన పద్యం పాడకుండానే మా బాపు నెగ్గుకొచ్చినప్పుడు ఆ కవికి లేని అభ్యంతరం ఇప్పుడెందుకుంటుందనిపించింది. పిల్లను పిలిచి, మీ పద్ధతిలోనే చేయమన్నాను.

అవ్వా బాపూ బస్సులో వచ్చి, ఉట్నూర్ నుంచి జీపులో బడికి చేరుకున్నారు. నాటకంలో సైనికుడు వచ్చి నిలబడగానే ఆ పిల్ల ఏమీ అడగలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసింది. ఆయన కాళ్లు కడుక్కున్నాక, తల ఎత్తి గోండిలో మెల్లగా అడిగింది, ఎవరివని. వెనక బెంచీ మీద బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అయిపోయాక ఆ పిల్ల దగ్గరికి పోయి, బువ్వ తిందువు అన్నదాన్ని గోండిలో ఎట్లా అంటారో మెల్లగా చెప్పమన్నాడు. చెప్పింది. బాపు తప్పు పలికాడు. పిల్లలంతా నవ్వారు. ఆయన మళ్లీ అన్నాడు, మళ్లీ తప్పింది. నాలుగోసారికి ఆ పిల్ల తల ఊపింది.

"గిప్పుడు మంచిగొచ్చింది తాతా," అంది.