పెరటికి ట్రయల్

టైలరమ్మకి నోరు లేదని ఎవరైనా అంటే ఆ వీధిలో ఆడవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. అంతా కుట్టేశాక "ఇంకాస్త వదులుగా" అనే వాళ్లని ఆవిడ ఉతికి ఆరేస్తుంది. అలాంటి మనిషికి సొంత పెరటి దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. ఏం చెబుతాం.

ఆవిడ కోరిక ఇంతే. పెరట్లో చెట్టు నీడన ఒక కుర్చీ, అందులో కాళ్లు బారజాపుకుని, చేతిలో సూది లేకుండా కూర్చోవడం. ఇన్నేళ్లూ ఆవిడకి కూర్చోవడమంటే మిషను ముందు కూర్చోవడమే. కానీ ఇల్లంతా తలో పని మీద ఉంటే, ఊరికే కూర్చోవడానికి నాకో చోటు కావాలని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? సిగ్గుతో చచ్చిపోదూ?

గార్డెన్ డిజైనర్ని పిలిపించింది మాత్రం ఆవిడే. చెవి వెనక పెన్సిలు దోపుకుని వచ్చిన ఆ పిల్ల "ఏమేం కావాలి ఆంటీ?" అని అడగడమే ఆలస్యం, టైలరమ్మ గడగడా అప్పజెప్పేసింది. ఇంటాయనకి టమాటా మడులు, కొడుక్కి కారు పెట్టుకునే చోటు, కోడలికి గులాబీలు, మనవరాలికి గెంతడానికి పచ్చిక. నాలుగు రోజుల్లో పిల్ల అంతా గీసి తెచ్చింది. కాగితం నిండా గుండ్రాలూ గీతలూ. టైలరమ్మకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"బాగుంది. మరి ట్రయల్ ఎప్పుడు తల్లీ?"

"దేనికాంటీ?"

"పెరటికి. ట్రయల్ చూడకుండా జాకెట్టే చేతికివ్వను నేను. పెరడు తవ్వనిస్తానా?"

తోటలకి ట్రయళ్లుండవని పిల్ల నచ్చజెప్పబోయింది. ఎవరితో పెట్టుకుంది పాపం. మర్నాడు పొద్దున్నే టైలరమ్మ కొట్లో మిగిలిపోయిన లైనింగు గుడ్డలన్నీ కిందికి దింపి కత్తెర పట్టింది. మడులకి ఆకుపచ్చ, కారుకి నలుపు, గులాబీలకి ఎరుపు, పచ్చికకి పసుపు. పిల్ల టేపు పట్టి కొలుస్తుంటే ఈవిడ కత్తిరించి పరిచి, అంచుల మీద ఇటుక ముక్కలు పెట్టింది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి, ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకున్నారు. ఆయన తన ఆకుపచ్చ గుడ్డ చుట్టూ కాపలా తిరిగాడు. ఒక్క గాలి విసురుకి గులాబీలన్నీ లేచి వెళ్లి కొడుకు నెత్తిన పడ్డాయి. టైలరమ్మకి నవ్వాగలేదు. చెప్పులు విప్పేసి, చిన్నపిల్లలా ఒక రంగు మీంచి ఇంకో రంగు మీదికి తిరిగింది. సంతోషంతో కాళ్లు నేలకి ఆనడం లేదు.

తిరిగి తిరిగి ఆయాసమొచ్చి, లోపలినుంచి కుర్చీ తెచ్చుకుంది. ఆకుపచ్చ మీద వేయబోతే "అక్కడ నా టమాటాలు" అన్నాడాయన. నలుపు మీద వేయబోతే "మరి కారెక్కడ పెట్టనమ్మా?" అన్నాడు కొడుకు. ఎరుపు మీద ముళ్లుంటాయని కోడలు హెచ్చరించింది. పసుపు మీద మనవరాలు దొర్లుతోంది. కుర్చీ చంకన పెట్టుకుని టైలరమ్మ పెరడంతా ఒక చుట్టు చుట్టింది. ఇందాకటి నవ్వు ఎటు పోయిందో.

డిజైనర్ పిల్ల చెవి వెనకున్న పెన్సిలు తీసింది. "అందరివీ చెప్పారు గానీ, మీకేం కావాలో చెప్పలేదేంటి ఆంటీ?"

అందరూ ఒక్కసారి ఆవిడ వైపు చూశారు.

"నాకేముంది తల్లీ. ఊరికే కూర్చోవడానికి కాస్త చోటు" అంది టైలరమ్మ, తల వంచుకుని.

పిల్ల ఆ కుర్చీ అందుకుని, చెట్టు నీడ పడుతున్న చోట, ఆకుపచ్చ గుడ్డ మీద వేసింది. "కూర్చోండి. కాళ్లు చాపండి" అని, టైలరు సుద్దతో ఆవిడ చుట్టూ గీత గీసింది.

"మరి నా టమాటాలో?" అన్నాడాయన.

"వాటిని కాస్త బిగుతు చేద్దాం లెండి. ఇప్పుడదే ఫ్యాషన్" అని పిల్ల, టైలరమ్మ కత్తెర తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఏదో గొణిగాడు. ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక గొణుగుడు మానేసి, మోకాళ్ల మీద కూర్చుని సుద్దగీత వెంట కత్తిరించడం మొదలుపెట్టాడు.

"ఇంకాస్త వదులుగా" అంది టైలరమ్మ, కాళ్లు మరికొంచెం చాపుతూ.