అడ్మిట్ అయితేనే

నంద్యాలలో రెండు జూనియర్ కాలేజీలు ఒకే వారంలో నాకు ఉద్యోగం ఇస్తామన్నాయి. నేను లెక్కలు చెబుతాను. అంతకుముందు మూడేళ్లు మా ఊరు ఆళ్లగడ్డలోనే ఒక చిన్న స్కూల్లో చెప్పాను. మొదటి కాలేజీవాళ్లు జీతం తప్ప ఇంకేమీ ఉండదని తేల్చి చెప్పారు. రెండో కాలేజీ నెలకు ఆరు వేలు తక్కువ ఇస్తుంది, కానీ నాకూ మా అమ్మానాయనలకూ ఆరోగ్య బీమా కాలేజీయే కడుతుంది. ఏ సంగతో చెప్పడానికి రెండు రోజులు గడువిచ్చారు.

నిజానికి నేను పెద్దగా ఆలోచించలేదు. నేను డిగ్రీలో ఉండగా అమ్మకు పిత్తాశయంలో రాళ్లొచ్చి కర్నూలులో ఆపరేషన్ చేయించాం. ప్రభుత్వ పథకం మాకు అందలేదు. కార్డులో అమ్మ పేరు తప్పు పడింది, దాన్ని దిద్దించుకోవడానికి తిరిగితే కూలి పోతుందని నాయన ఎప్పుడూ వెళ్లలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆయన ఫోన్‌లో మా రెండు పాడి ఎనుములను అమ్మడానికి బేరం చేయడం నేను విన్నాను. "రెండోది సూడిదప్పా, ఇంకొంచెం పెట్టుకో" అని బతిమాలుతున్నాడు. అమ్మను తీసుకుని ఇంటికొచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉంది. ఆ గొంతు మళ్లీ వినకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పనిచేసేవాడు. శిల్పి కాదు. కళ్లూ ముక్కూ వేళ్లూ తీర్చేవాళ్లు వేరు. నల్లరాయిని మిషన్‌తో కోసి మోటుగా ఆకారానికి తేవడం, అంతా అయ్యాక గ్రైండర్ పట్టి నున్నగా చేయడం ఆయన వంతు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లే మనిషి, మిగతా వారమంతా నరసింహస్వామి భుజాలకూ ఆంజనేయుడి తోకకూ పాలిష్ పెట్టేవాడు. అందులో ఆయనకు ఏ పట్టింపూ లేదు. సాయంత్రం పంపు దగ్గర మొహం కడుక్కుంటే నీళ్లు బూడిదరంగులో పారేవి. ఆ తర్వాత చాలాసేపు దగ్గేవాడు. ఆ దగ్గు మాకు అలవాటైపోయింది.

ఆ రెండు రోజుల్లో ఒక సాయంత్రం ముగ్గురం సంగటి తింటూ కూర్చున్నాం. అప్పుడే అప్పు తీసుకుని రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాం. గోడలు లేచాయి, స్లాబ్ పడాలి.

"దుడ్లు చేతిలో ఉంటే ఏమన్నా చేసుకోవచ్చు. కార్డేం చేసుకుంటావ్?" అంది అమ్మ.

"నువ్వేమంటావ్ నాయనా?" అని అడిగాను.

"సదివినదానివి, నువ్వే సూడు. నాకేం తెల్సు?" అన్నాడు. సంగటి ముద్ద తుంచుకుంటూ, "ఆరు వేలంటే తక్కువేం గాదు పాపా" అన్నాడు.

"నీకేమన్నా అయితే ఈసారి ఏం అమ్ముతాం నాయనా? ఎనుములు గూడా ల్యావే."

ఆయన నవ్వబోయి దగ్గాడు. "సరే, దాంట్లోనే చేరుపో" అన్నాడు.

చేరాను. పొద్దున్నే బస్సెక్కి నంద్యాలకు వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. రెండు నెలలకు బీమా కార్డులు వచ్చాయి. నాయన తన కార్డును చొక్కా జేబులో పెట్టుకుని షెడ్డుకు తీసుకెళ్లి అందరికీ చూపించాడట. "మా పాప కాలేజీవాళ్లు ఇచ్చినారు. నాకేమన్నా అయితే రూపాయి కట్టే పని ల్యా" అన్నాడట. ఈ సంగతి చాలా కాలం తర్వాత షెడ్డులోవాళ్లు చెబితే తెలిసింది.

ఏడాది గడిచింది. నాయనకు బస్సు మెట్లెక్కినా ఆయాసం రావడం మొదలైంది. ఒక సెలవురోజు పోట్లాడి నంద్యాలకు తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. నాయన చెప్పాడు.

"రాతిపొడి ఊపిరితిత్తులకు పట్టింది. పట్టింది పోదు, పెరగకుండా చూసుకోవాలి. ఆ పని మానేయ్. దీనికి అదే మందు."

"గుడ్డ కట్టుకుంటే సాలదా సార్?"

"చాలదు."

పీల్చే మందు రాసిచ్చాడు. కింద బీమా కౌంటర్లో కార్డు చూపిస్తే అక్కడున్నామె వెనక్కి ఇచ్చేసింది. "ఇట్లా చూపించుకుని పోయేదానికి రాదు మేడం. అడ్మిట్ అయితేనే వస్తుంది" అంది. ఎక్స్‌రేకూ మందులకూ నేనే కట్టాను. అదేమంత పెద్ద డబ్బు కాదు. కానీ తిరిగొచ్చేటప్పుడు, బస్సు శిరివెళ్ల దాటాక, నాయన కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటే నాకు ఒక సంగతి తట్టింది. నా జీతం, అమ్మ పొలం కూలి ఇల్లు గడవడానికి సరిపోతున్నాయి. నాయన షెడ్డుకు వెళ్తున్నది ఇంటి అప్పు కంతు కోసం. ఆ కంతు దాదాపు ఆరు వేలు. నాయన మంచాన పడితే నా కార్డు ఎంతైనా కడుతుంది. పడకుండా ఇంట్లో కూర్చోవాలంటే మాత్రం ఏమీ ఇవ్వదు.

మర్నాడే మొదటి కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు. ఖాళీ నిండిపోయింది, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

ఇంటికొచ్చి, "నాయనా, పని మానెయ్. కంతు నేను కడ్తా" అన్నాను.

"యాడ్నుంచి కడ్తావ్? స్లాబ్ పడనీ. పడినాంక మానుకుంటా."

సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాను. వచ్చిందంతా సిమెంటుకూ ఇనుముకూ సరిపోయింది. స్లాబ్ పడింది. తర్వాత తలుపులన్నాడు, ఆ తర్వాత గచ్చన్నాడు. గుడ్డ బదులు మంచి మాస్కు కొనిచ్చాను. దాంతో ఊపిరాడటం లేదని తీసి పక్కన పెట్టేవాడు.

తర్వాత జరిగినది నేను ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటి ఏడు మొదటి కాలేజీ నుంచి నిజంగానే ఫోన్ వచ్చింది. నేను వెళ్లలేదు. అప్పటికి నాయన రోగి. ఎప్పుడు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందో తెలియదు. అలాంటప్పుడు బీమాను ఎలా వదులుకుంటాను? వద్దండీ అని ఫోన్ పెట్టేశాను. ఆ పూట కూడా నాయన షెడ్డులోనే ఉన్నాడు.

డాక్టరు పని మానమన్నాక వచ్చిన రెండో వానాకాలంలో ఆయన రాళ్ల మధ్యే కూలబడిపోయాడు. షెడ్డువాళ్లు ఆటోలో ఇంటికి తెస్తే, మేం నంద్యాలకు తీసుకెళ్లి అడ్మిట్ చేశాం. ఈసారి కార్డు తీసుకున్నారు. పదకొండు రోజులు ఆక్సిజన్, మందులు, గది అన్నీ బీమాలోనే అయ్యాయి. బిల్లులు చూసే ఆయన, "మీరు అదృష్టవంతులు మేడం. బయటివాళ్లయితే పొలాలు అమ్ముకుంటారు" అన్నాడు.

ఐదో రోజున నాయన మాస్కు కొంచెం పైకెత్తి, "ఎంతైందంట?" అని అడిగాడు.

"మనకేం కాలే నాయనా. కార్డే కడ్తాంది."

"సూస్తివా? నువ్వు మంచిపనే చేసినావు పాపా" అన్నాడు.

మాస్కు సరిచేసి, నీళ్ల సీసా నింపుకొస్తానని బయటికి వచ్చేశాను. పంపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ రాత్రి నుంచి ఆయనకు మాస్కు తీయనివ్వలేదు. పదకొండో రోజు పొద్దున ఆయన పోయాడు. మాట్లాడటానికి మళ్లీ వీలు దొరకలేదు.

కాగితాల మీద సంతకాలయ్యాక డాక్టరును అడిగాను. "చెప్పినప్పుడే మానేసి ఉంటే బతికేవాడా సార్?"

"చెప్పలేమమ్మా. కొన్నాళ్లు ఎక్కువుండేవాడేమో" అన్నాడు.

సమాధి దగ్గర, షెడ్డులోని పెద్ద శిల్పి అమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "నల్లరాయితో సిలువ చేసిస్తానమ్మా, దుడ్లేం వద్దు. బాగా మెరిసేట్ల చేయిస్తా" అన్నాడు.

"వద్దప్పా. అది మెరిసేట్ల చేయల్లంటే ఇంకొకడు దానికి గ్రైండర్ పట్టల్ల గదా" అంది అమ్మ. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. కట్టె సిలువే పెట్టాం.

వచ్చినవాళ్లందరూ బీమా గురించే మాట్లాడారు. బిడ్డ ముందుచూపు వల్ల అప్పు కాలేదన్నారు. కాలేజీలోనూ అదే మాట. కొత్తగా చేరేవాళ్లకు బీమా వివరాలు చెప్పే రోజున మేనేజ్‌మెంట్ వాళ్లు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను.

ఆ సెలవురోజునే అమ్మతో అన్నాను. "ఆ ఆరు వేలు ఎక్కువిచ్చే ఉద్యోగంలో చేరి ఉంటే నాయన ఇంట్లో కూర్చునేవాడు."

అమ్మ కందిపప్పులో రాళ్లేరుతోంది. తల ఎత్తలేదు. "చేరినావనుకో. జబ్బు అప్పటికే పట్టింది. ఆస్పత్రికి ఈ ఇల్లు అమ్మేవాళ్లం. అప్పుడు దానికి ఏడ్సేదానివి" అంది. కొంతసేపయ్యాక మళ్లీ తనే, "కూర్చునేవాడేమోలే. కూర్చుంటే బాగుండు" అని చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

నేను ఇప్పటికీ అదే కాలేజీలో ఉన్నాను. అమ్మకు షుగరు వచ్చింది. బీమా వదులుకునే ధైర్యం నాకు లేదు. పొలం కూలికి మాత్రం వెళ్లనివ్వడం లేదు. నేను బస్సెక్కాక వెళ్తోందేమోనని అనుమానం. మొన్న సాయంత్రం వాకిట్లో విడిచిన ఆమె చెప్పులకు తడిమన్ను ఉంది. అడిగితే, "యాడికీ పోలే. గమ్మునుండు" అంది.