మా వీధి ముఖాలన్నీ తెలిసిన నర్సమ్మ

నర్సమ్మ పోయిందన్న కబురు నాకు క్లాసు మధ్యలో తెలిసింది. అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కి ఆమె కొడుకు స్వయంగా వచ్చి గాజు తలుపు బయట నిలబడ్డాడు. "అమ్మ పొద్దుగాల పోయింది మేడం. ఫోన్ల చెప్పబుద్ధి కాలే" అన్నాడు. చాయ్ పెట్టమని చెప్పి, అది వచ్చేలోపే గోడకి తల ఆనించి వెళ్లిపోయిందట.

నర్సమ్మ అన్నది ఆమె పేరు కాదు. అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఉన్న మా సందుల్లో ముప్పై ఏళ్లు టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగింది కాబట్టి, రిటైరయ్యాక కూడా అందరికీ నర్సమ్మే. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ అపార్ట్‌మెంట్లో దిగిన కొత్తలో మా పాపకి పోలియో చుక్కలు వేసింది ఆమే. ఎప్పుడూ కాలింగ్ బెల్ నొక్కేది కాదు. మెట్ల మొదట్లో నిలబడి పాప పేరు పెట్టి పిలిచేది. మాట్లాడే ముందు కళ్లద్దాలు కాస్త కిందికి జరిపి మనిషి ముఖం ఒకసారి చూసేది. అలా చూసిన ముఖాన్ని ఇక మర్చిపోయేది కాదు. ఎవరు ఇల్లు ఖాళీ చేసి బోరబండ వెళ్లారో, ఎవరు కాలం చేశారో, అన్నీ ఆమెకి గుర్తే.

ఓటర్ల జాబితాలో నా పేరు ఎక్కించింది కూడా ఆమే. ఫారం తెచ్చి, నింపి, నా చేత సంతకం పెట్టించింది. నేను మాత్రం ఒక్కసారీ ఓటేయడానికి వెళ్లలేదు. ఇది మన ఊరు కాదులే అనుకునేదాన్ని. పోలింగ్ అంటే నాకొక సెలవు రోజు, అంతే. మా బిల్డింగ్‌లో దాదాపు అందరిదీ ఇదే వరస.

ఒక వానాకాలం డ్రైనేజీ పొంగి మా సెల్లార్లోకి, దాని వెనకున్న నర్సమ్మ రేకుల ఇంట్లోకి మురుగు వచ్చింది. అందరం అర్జీ రాసుకుని మా ప్రాంతం నుంచి గెలిచిన నాయకుడి దగ్గరికి వెళ్లాం. మేం గెలిపించిందీ లేదు, ఓడించిందీ లేదు ఆయన్ని. అర్జీ మడిచి పక్కన పెట్టి, మీ బిల్డింగ్ నుంచి ఓటుకి ఎంతమంది వచ్చారని మర్యాదగానే అడిగాడు. వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. చూద్దాం అన్నాడు. ఆ వానాకాలమంతా చూస్తూనే ఉన్నాడు.

బయటికొచ్చాక నర్సమ్మ మమ్మల్ని తిట్టలేదు. "మనం పోకుంటే మన జాగ ఖాళీగుంటదనుకుంటున్నరా? ఇంకెవరో వచ్చి కూసుంటరు" అని మాత్రం అంది. మాటవరసకి అందనుకున్నాను.

ఆ తర్వాతి ఎన్నికల్లో, గెలుస్తానని తనకే నమ్మకం లేని ఒక స్వతంత్ర అభ్యర్థి తరఫున ఆమె పోలింగ్ ఏజెంటుగా కూర్చుంది. ఏజెంటుకి బూత్ లోపల కూర్చునే హక్కుంటుంది. వచ్చిన మనిషి అసలు ఓటరు కాదనిపిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. ఆమెకి కావలసింది ఆ కుర్చీయే.

మధ్యాహ్నం దాకా మా వీధి బడిలోని బూత్ ఖాళీగా ఉంది. అప్పుడు జరిగింది నాకు తర్వాత చెప్పినవాడు ఇంకో అభ్యర్థి ఏజెంటుగా ఆమె పక్కన కూర్చున్న టైలర్ భాయ్. ఒక అమ్మాయి లోపలికొచ్చి ఓటరు స్లిప్పు, ఏదో కార్డు చూపించి నా పేరు చెప్పింది. జాబితాలో నా ఫోటో మసగ్గా ఉంది. నర్సమ్మ కళ్లద్దాలు కిందికి జరిపి చూసి, ఈమె ఆమె కాదు అంది. రుజువేమిటని అధికారి అడిగాడు.

"రుజువు పక్క సందుల ఇంట్ల పండుకోనున్నది సార్. పోయి తోల్కొస్త."

పావుగంట ఆగుతానన్నాడాయన. అమ్మాయిని బెంచీ మీద కూర్చోబెట్టారు. బడి గేటు దాటగానే ఇద్దరు మనుషులు నర్సమ్మకి అడ్డం వచ్చారు. వాళ్లు ఎవరి తరఫు వాళ్లో నేను రాయను, నాకు తెలియదు. ఈ వయసులో ఇదంతా ఎందుకని, కొడుకు పంజాగుట్టలో టిఫిన్ బండి పెట్టుకుని బతుకుతున్నాడు కదా అని మెత్తగా అన్నారట. ఆమె వాళ్లలో చిన్నవాడి వైపు చూసింది.

"నీ భుజం మీద టీకా మచ్చ నేనేసిందే. నువ్వు మస్తు ఏడిస్తే ఎత్తుకున్న సుత. పక్కకు జరుగు."

వాడు జరిగాడు.

ఆ రోజు ఆమె మొదటిసారి మా కాలింగ్ బెల్ నొక్కింది. తలుపు తీస్తే గోడ పట్టుకుని రొప్పుతోంది. విషయం చెప్పింది. గేటు దగ్గరి మనుషుల సంగతి విన్నాక నేను తలుపు సగం మూశాను. మావారు ఊళ్లో లేరు, పాప లోపల నిద్రపోతోంది.

"ఎందుకమ్మా గొడవ? ఒక్క ఓటేగా, వేసుకోనివ్వండి" అన్నాను.

ఈ మాట ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఆమె నన్ను బతిమాలలేదు. మెట్టు మీద కాసేపు కూర్చుని, మోకాలు పట్టుకుని లేచింది.

"సరే బిడ్డా. పోయి చెప్తా. ఆమె ఇంట్లనే ఉన్నది, ఆమెకే వద్దంట అని."

రెండో అంతస్తు నుంచి ఆమె ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ చప్పుడు కింది దాకా వెళ్లేసరికి నేను ఓటరు కార్డు వెతుకుతున్నాను. బీరువాలో లేదు, హ్యాండ్‌బ్యాగులో లేదు. చివరికి పాప స్కూలు కాగితాల మధ్య దొరికింది. పాపని ఎదురింటామెకి అప్పజెప్పి పరుగెత్తి సందు మలుపులో ఆమెని అందుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. గేటు దగ్గర ఆ ఇద్దరూ మమ్మల్ని చూస్తూ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారు.

మేం లోపలికెళ్లేసరికి అధికారి గడియారం చూసుకుంటున్నాడు. నేను పేరు చెప్పి కార్డు ఇచ్చాను. బెంచీ మీది అమ్మాయి లేచి నిలబడింది. నా క్లాసులో కూర్చునే పిల్లల వయసే. హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోందట. ఎవరో పంపితే వచ్చిందట. ఏడుస్తూ చెప్పింది. నర్సమ్మ ఒక్కటే అడిగింది.

"నీ ఓటు ఏడున్నది బిడ్డా?"

"మా ఊర్లె."

"మరి గాడ నీ ఓటు ఇయ్యాల ఎవరేస్తుండ్రు?"

ఆ అమ్మాయి ఏడుపు ఆపి ఆమె వైపు చూసింది. తర్వాత ఆ అమ్మాయిని కానిస్టేబుల్‌కి అప్పగించారు. బయట వేరేవాళ్ల స్లిప్పులు పట్టుకుని నిలబడిన ఇంకో నలుగురు అప్పటికే జారుకున్నారు. నేను ఓటేసి ఇంటికెళ్లి మా బిల్డింగ్‌లో ప్రతి తలుపూ కొట్టాను. కొందరు తీయలేదు. తీసినవాళ్లలో చాలామంది నాతో వచ్చారు, వాళ్ల పేర్ల మీద ఇంకెవరైనా వచ్చారేమోనన్న భయంతోనే అయినా. సాయంత్రం తలుపులు మూసేదాకా నర్సమ్మ ఆ కుర్చీ వదల్లేదు.

స్వతంత్ర అభ్యర్థి ఓడిపోయాడు. పాత నాయకుడే మళ్లీ గెలిచాడు. కానీ ఈసారి అర్జీ పట్టుకెళ్తే ఆయన పాత ప్రశ్న అడగలేదు, కూర్చోమన్నాడు. కొత్త పైపు పడడానికి ఇంకో ఏడాది పట్టింది. ఎన్నికలైన వారానికి నర్సమ్మ కొడుకు టిఫిన్ బండి చక్రాలు ఎవరో విరగ్గొట్టారు. దానికీ దీనికీ సంబంధం ఉందా అని నేను అడిగితే, ఆమె నా పాప జ్వరం తగ్గిందా అని అడిగింది. భయపడలేదా అని ఇంకోసారి అడిగాను. "భయమైంది. అయినా కాళ్లు నడుస్తుండె, నడిచిన" అంది.

నర్సమ్మ పోయి పదకొండో రోజు దాటాక బడి వైపు వెళ్తుంటే, గేటు లోపల ఓటర్ల జాబితా సరిచేసే టీచరు బల్ల ముందు జనం కనిపించారు. వరసలో నర్సమ్మ కొడుకు ఉన్నాడు. ఇంత తొందరేమిటని అడిగాను. చాలా రోజుల కిందటే అమ్మ మాట తీసుకుందని చెప్పాడు.

"నేను పోయినంక ముందుగాల నా పేరు కొట్టేపియ్యి, నా పేరు మీద ఎవరు రావొద్దు అన్నది మేడం."

అతని ముందు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. ఎండ సూటిగా అతని గుండు మీద పడుతోంది. ఎవరో చెట్టు కిందికి రమ్మని పిలిచారు. అతను తల అడ్డంగా ఊపి, మరణ ధ్రువపత్రం గాలికి ఎగరకుండా రెండు చేతులతో ఛాతీకి అదిమి పట్టుకుని, తన వంతు కోసం అక్కడే నిలబడ్డాడు.