సగం పడవ

నేను ఉపాధ్యాయుడిగా చేరిన ఏడాది మా నాన్నగారి పడవలో రెండో మనిషి లేకుండా పోయాడు. అంతవరకూ ఆ రెండో మనిషిని నేనే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక ఇక వల ముట్టవద్దని ఆయనే శాసించారు. శ్రీకాకుళం తీరం నుంచి మేనమామ కుటుంబంతో మేముండే అండమాన్‌కు వచ్చి స్థిరపడితే పడవ నిలుస్తుంది, లేకపోతే అమ్మివేయవలసిందే. అత్తయ్యకు అండమాన్ అంటే ఇంకా ఖైదీల దీవే.

“ఇదీ ఊరేనని తెలిసీటట్టు ఓ ఫొటో తీసి పంపరా. మా వొదిన బయం తీరాల,” అన్నది అమ్మ.

నా దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. వాన వెలిసిన ఒక ఉదయం జంగ్లీఘాట్ రోడ్డు మలుపులో నిలబడ్డాను. బస్సు ఆగింది. మెట్టు మీద నుంచి ఒక స్త్రీ గొడుగు ముడుచుకుంటూ కాలు కింద పెట్టబోతున్నది. తడి రోడ్డు మీద బస్సు తలకిందులుగా మెరిసింది. ఎడమ అంచున, రోడ్డు దిగువన, కొంచెం సముద్రం, ఒడ్డుకు లాగిన పడవ ముందు భాగం పడ్డాయి. వెనుక సగం చట్రం బయటే ఉండిపోయింది.

నాకు ప్రింట్లు వేయడం నేర్పిన స్టూడియో యజమాని ఆ అంచును వేలితో చూపారు. “మాస్టర్‌జీ, ఆధా నావ్ క్యోం? పూరా రఖో, నహీ తో కాటో!”

పడవ ఉంటే పూర్తిగా ఉండాలి, లేదా కోసెయ్యాలి; అంచున సగం వస్తువు ఉంటే చూపు బొమ్మలోంచి జారిపోతుందని ఆయన సూత్రం. నాకూ అది న్యాయంగానే తోచింది. పైగా అత్తయ్యకు సముద్రం దాటడమన్నా భయమే గదా. రెండు అట్టముక్కలు అంచున అడ్డంగా జరిపి, పడవనూ నీళ్లనూ కొత్త ప్రింటులోంచి తీసివేశాను. బస్సు, గొడుగు, రోడ్డు మిగిలాయి. చక్కని పట్టణం.

విశాఖ వెళ్లే ఒక చుట్టం చేత ఆ ప్రింటు పంపాము. తిరిగి వచ్చిన ఓడలో ఆయన జవాబు తెచ్చారు.

“మీ మావ ఏటన్నాడో తెల్సా? ‘ఊరు బాగుంది గానీ సంద్రం ఏదిరా? నానక్కడికొచ్చి బస్సు తోలాలా?’ అన్నాడు.”

“మరి అత్త?”

“మీ అత్తకి బస్సు తెగ నచ్చీసింది!”

అమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్నగారు నవ్వలేదు. “పడవ సూడ్డానికి రేపొకడొస్తన్నాడు,” అన్నారు.

“ఇంకో షిప్పు దాకా ఆగు నాన్నా,” అని బతిమాలాను.

ఈసారి నెగటివ్‌ను అంచుల దాకా ప్రింటు చేశాను. రసాయనంలో బొమ్మ తేలుతుంటే నేను మొదట చూడనిది కనబడింది. ఆ స్త్రీ కాలు దింపుతున్నది పడవ వైపే. తడి రోడ్డు వెలుగు బస్సు నుంచి సాగి నీళ్లలో కలుస్తున్నది. చూపు జారిపోతున్న మాట నిజమే. అయితే అది మా నాన్నగారు రోజూ వెళ్లే చోటికే జారుతున్నది. యజమాని తల అడ్డంగా ఊపి, “గల్తీ హై,” అని తప్పు పట్టారు. ఆ తరువాత చాలాసేపు దాన్ని కింద పెట్టలేదు.

ఆ ప్రింటు తిరుగు ఓడలో మామయ్యకు పంపాము. మరుసటి ఓడ హాడో రేవుకు వచ్చినప్పుడు మామయ్య భుజాన వలమూటతో దిగాడు. వెనుక అత్తయ్య, “ఆ బస్సు ఎక్కడాగుద్ది?” అని అమ్మను అప్పుడే అడుగుతున్నది.

మామయ్య నా వీపు మీద ఒక్కటి చరిచాడు. “ఒరే పంతులూ, మిగతా సగం ఏదిరా?”

నేను నోరు తెరిచేలోగా నాన్నగారు వలమూట అందుకున్నారు.

“నీళ్లల్లో ఉంది. పద బావా.”