చాయ్ పొంగిన పేజీ

వనపర్తిలో ఇంట్లోనే కూర్చుని కంపెనీల వెబ్‌సైట్లకు తెలుగులో రాసిపెట్టడం నా పని. నీళ్ల ఫిల్టర్ల గురించి, పళ్ల దవాఖానల గురించి, నేనెప్పుడూ చూడని అపార్ట్‌మెంట్ల గురించి ఎన్నో పేజీలు రాశాను. వాటిని ఎవరైనా చివరిదాకా చదివారో లేదో తెలుసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

అలాంటి నాకు ఒకసారి మా ఊళ్లోనే పని దొరికింది. డిగ్రీలో నాతో చదువుకున్న స్నేహితురాలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "మా అమ్మ కుట్టే బొంతలకు ఒక వెబ్‌సైట్ చేసిపెట్టవే" అంది. వాళ్ల నాన్నకు బస్టాండు వెనక సందులో టైలర్ షాపు ఉంది. అందులోనే ఓ మూల చాప వేసుకుని, జనం తెచ్చిచ్చిన పాత చీరలతో వాళ్లమ్మ బొంతలు కుడుతుంది. కాలేజీ రోజుల నుంచీ నేను ఆమెను పిన్ని అన్నట్టుగా ఖాలా అనే పిలుస్తాను.

వారం రోజులు కష్టపడి పేజీ తయారుచేశాను. పైన జరిగే బొమ్మలు, కింద మెరిసే అక్షరాలు. "తరతరాల సంప్రదాయానికీ ఆధునిక సౌందర్యానికీ అపురూప సంగమం" అని మొదలుపెట్టాను. నాకు బాగా నచ్చింది. కానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. మొదటి పేరా దాటి కిందికి దిగినవాళ్లు దాదాపు లేరు. ఎవరు ఎంతసేపు ఉన్నారో నా కంప్యూటర్ చెబుతూనే ఉంది, నాకేమో చూడబుద్ధి కాలేదు.

మొహం చిన్నబుచ్చుకుని షాపుకు వెళ్లి, రాసింది ఖాలాకు చదివి వినిపించాను. ఆమె సూది ఆపి విన్నది.

"గిది ఎవల ముచ్చట బిడ్డా?"

"నీదే ఖాలా. నీ బొంతలదే."

"నాది గిట్ల ఉంటదా? నాకే తెల్వదు" అని నవ్వింది. మిషన్ మీదున్న ఆమె భర్త కూడా తల ఎత్తకుండానే నవ్వాడు.

అంతలో ఒకామె సంచిలో రెండు చీరలు పట్టుకుని వచ్చింది. ఇచ్చేసి వెళ్లిపోవాలన్న తొందరలో చెప్పులు కూడా విప్పలేదు. ఖాలా తన బొంతల్లో ఒక్కటీ చూపించలేదు. చీరను ఒళ్లో పరుచుకుని అంచు తడిమి, "గీ చీర మీద పసుపు మరక ఏంది? ఎవల పెండ్లిల వడ్డది?" అని అడిగింది. అంతే. వచ్చినామె చెప్పులు విప్పి చాప మీద కూర్చుంది. ఆమె లేచేసరికి మధ్యాహ్నమైంది.

నా పేజీలో లేనిదేమిటో నాకప్పుడు తెలిసింది. నేను వచ్చినవాళ్లకు చెప్పుకుంటూ పోయాను గానీ, వాళ్లను కూర్చోమనలేదు.

మర్నాటి నుంచి ఫోన్‌లో రికార్డు పెట్టుకుని ఖాలా పక్కన కూర్చున్నాను. బొంతలో ఒక్కో ముక్క చూపిస్తూ ఆమె చెప్పేది. ఇంటికొచ్చి విన్నది విన్నట్టు టైపు చేసేదాన్ని. జరిగే బొమ్మలన్నీ తీసేశాను. పేజీ పైన ఒక పచ్చముక్క ఫొటో, దాని కింద ఖాలా మాటలు, అంతే.

ఆ పచ్చముక్క ఒక కొత్త కోడలి పెళ్లి చీరది. ఆ పిల్ల అది కట్టుకుని సైకిలెక్కితే కొంగు చైన్‌లో పడి చిరిగింది. అత్త ఏమంటుందోనని ఇనుప పెట్టె అడుగున దాచింది. ఒకరోజు ఆమె ఇంట్లో లేనప్పుడు అత్త ఆ పెట్టె తెరిచింది.

పేజీ పెట్టిన రెండో రోజు చదువుకుంటుంటే నా పొరపాటు కనబడింది. తొందరలో ఖాలా అన్న ప్రతి మాటా టైపు చేసేశాను. "అత్త పెట్టె తెరిసింది" అన్న మాట తర్వాత, "జర ఆగు బిడ్డా, చాయ్ పొంగుతుంది, చూసొస్త" అని ఉంది. కథ అక్కడితో ఆగిపోయింది. ఆరోజు ఆమె పొయ్యి దగ్గరి నుంచి వచ్చేసరికి ఎవరో రావడం, మేమిద్దరం ఆ సంగతి మరిచిపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

తీసేద్దామని కూర్చున్నాను. చూస్తే పేజీ కింద చదివినవాళ్ల కామెంట్లు! బెంగళూరు నుంచి ఒకామె రాసింది: "చాయ్ పొంగిందా? అత్త ఏమంది? ఆఫీసులో పని సాగడం లేదు, త్వరగా చెప్పండి." ఇంకెవరో, "మీరు చెప్పేదాకా ఈ పేజీ మూయను" అని రాశారు.

పరుగున షాపుకు వెళ్లి చదివి వినిపించాను. ఖాలా పడీపడీ నవ్వింది.

"పొంగింది, పొయ్యంత ఆగమైందని రాయి. అత్త ఏమంటది? ఆ పెట్టెల తన చీర గూడ దాసిపెట్టింది గదా, ఇస్త్రీ పెట్టె వెట్టి కాల్చుకొని! అడుగున కోడలి చీర కనవడంగనే, తనది గూడ పిల్ల చూసే ఉంటదని ఆమెనే సిగ్గువడ్డది. ఇద్దరు నవ్వుకుంట రెండు చీరలు నాకు తెచ్చిచ్చిండ్రు. ఒకటే బొంత కుట్టిన."

అది అలాగే పెట్టాను. ఆ తర్వాత పేజీ కింద నేను రాయాల్సింది తగ్గిపోయింది. చదివినవాళ్లే తమ తమ చీరల ముచ్చట్లు రాస్తూ పోయారు.

దసరా సెలవుల్లో బెంగళూరు ఆమే నేరుగా వచ్చింది. హైవే మీద పెబ్బేరులో బస్సు దిగి, ఆటోలో వనపర్తికి చేరి, సంచితో షాపు ముందు నిలబడింది.

"చాయ్ గురించి అడిగింది నువ్వేనా?" అంది ఖాలా.

"హౌదు, నేనే" అందామె, అవుననడం మాత్రం కన్నడంలో.

వాళ్లది గట్టు మండలంలోని ఒక పల్లె. అమ్మానాన్న బెంగళూరుకు కూలికి పోయి ఇళ్లు కట్టే పనుల్లో ఉంటూ ఆమెను చదివించారు. సంచి నిండా వాళ్లమ్మ పనికి కట్టుకుపోయిన చీరలు, సిమెంటు మరకలతో. "అమ్మ ఇప్పుడు పనికి పోతలేదు. ఇవి కట్టుకోదు, పారెయ్యనియ్యదు" అంది నవ్వుతూ.

ఖాలా మరక మరకనూ అడిగింది. ఆమె ఒక్కో మరకకు ఒక్కో బిల్డింగు చెప్పింది. ఖాలా భర్త మిషన్ ఆపి మా వైపు తిరిగి కూర్చున్నాడు. నలుగురం అక్కడే అన్నాలు తిన్నాం.

ఆ చీరలతో ఖాలా కుట్టే బొంత సంగతి తనే రాస్తానంది బెంగళూరు ఆమె. బొంత చేరాక, అది కప్పుకున్న వాళ్లమ్మ ఫొటోతో పాటు రాసి పంపింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు.