ఈశాన్యానికి వంచిన మిషన్

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజులు గడిస్తే తేలికవుతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నా మీద జాలి పడకండి. పడితే నాకు చిరాకు.

నేను వాస్తు చూస్తాను. గురువంటూ ఎవరూ లేరు. పాత పుస్తకాలు ముందేసుకుని ఇంటి కొలతలు కట్టే ఆయం లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసుల గుమ్మాలు, జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ మెట్లు కొలిచి బతుకుతున్నాను. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా మళ్ళీ మొదటినుంచీ కొలుస్తాను. నా లెక్క తప్పిందని ఎవరూ అనలేదు. అనకూడదనే ఇదంతా జరిగింది.

జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇల్లు. ఆయన సినిమా సగంలో ఆగిపోయి ఉంది. ఆయన భార్యను ఆ ఇంట్లో అందరూ మేడమ్ అనేవారు. దోషం ఎక్కడుందో చూడమని ఆమె నన్ను పిలిచింది. రెండు రోజులు కొలిచాను. ఏమీ దొరకలేదు. ఏ దోషమూ లేదని చెప్పి లేచిపోయే మనిషిని మళ్ళీ ఎవరు పిలుస్తారు?

మూడో రోజు వంటగదిలో కొత్త డిష్‌వాషర్ కనిపించింది. పడమటి గోడకు ఆనించి, తలుపు తూర్పుకు తెరుచుకునేలా పెట్టారు. దాని మీద రసమట్టం పెట్టాను. బుడగ వెంట్రుకవాసి ముందుకు జరిగింది. అంటే మిషన్ కాస్త వెనక్కి, పడమటికి వాలి ఉంది. ఇంట్లో నీళ్ళు పడమటికి వాలకూడదు, ఈశాన్యానికి వాలాలి. నాకు కావలసింది దొరికింది. మిషన్ ముందు కాళ్ళు మర తిప్పితే దిగుతాయి. ఎడమ కాలు మూడు చుట్లు, ఈశాన్యం వైపున్న కుడి కాలు నాలుగు చుట్లు తిప్పి దించాను. ఇంటి దోషం సరిచేశానని మాత్రమే మేడమ్‌కు చెప్పాను. ఎలా చేశానో చెప్పలేదు, ఆమె అడగలేదు.

సువార్త చూసింది. ఆ ఇంట్లో వంటా అంట్లూ ఆవిడవే. గోదావరి వైపు మనిషి. ముసలి తల్లితో ఇంటి వెనక గదిలో ఉండేది. నేనంటే ఆవిడకి మొదటినుంచీ చులకన. నేను నేలమీద మోకరించి ఉండగా వెనకనుంచి, "నీళ్ళకి ఈశాన్యం ఎటుందో మీరు చెబితేగానీ తెలీదన్నమాట" అంది. మిగిలిన చుట్టు తిప్పేసి లేచాను. కానీ ఆ గొంతు నన్ను వదల్లేదు.

మర్నాడే మిషన్ కారింది. తలుపు కింద మడుగు. గిన్నెలు చేత్తో తోమే సబ్బు అందులో పోసి ఉంటావు, నురగ పొంగి ఉంటుంది అని మేడమ్ సువార్త మీద విరుచుకుపడింది. ఈశాన్యం మూల నీళ్ళు రావడం శుభమా కాదా అని అడగడానికి నన్ను పిలిపించింది.

శుభమే అన్నాను. అనేసి మిషన్ కింద పళ్ళెం పెట్టి కూర్చున్నాను. కొలవకుండా ఉండలేను. లోపల నీళ్ళు నిండేటప్పుడు చుక్క పడలేదు. రెక్కలు తిరిగి నీళ్ళు చిమ్ముతున్నప్పుడే కారింది. గిన్నెలు నిండా పెట్టి నడిపితే గ్లాసున్నర. ఖాళీగా నడిపినా గ్లాసున్నరే. సబ్బు వేయకుండా నడిపినా అంతే. ప్రతిసారీ కుడి మూలనుంచే. పైపు కాదు, తలుపు రబ్బరు కాదు, నురగ అసలే కాదు. ముందుకు వాలిన మిషన్ తలుపు మీదికి నీళ్ళు కక్కుతోంది. నా చుట్లే.

మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ రావాలి. పొద్దున్నే వెళ్ళాను. సువార్త ఎర్రగడ్డ మార్కెట్‌కు పోయి ఉంది. ఏడు చుట్లూ వెనక్కి తిప్పేశాను. నడిపి చూశాను. నేల పొడిగా ఉంది. అక్కడితో నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. ఎందుకు ఉండలేకపోయాను?

మిషన్ బిగించిన మెకానిక్కే వచ్చాడు. కింది రేకు తీసి, పైపులు తడిమి, ఒకసారి నడిపాడు.

"అంతా మంచిగనే ఉంది మేడమ్. చుక్క పడ్తలేదు."

"మరి నిన్న ఎందుకు కారింది?" అంది మేడమ్.

"సబ్బు గిట్ల పోస్తే నురగ పొంగుతది. చానా ఇండ్లల్ల గట్లనే అయితది."

"నేను పొయ్యలేదండీ," అంది సువార్త. నన్ను చూపించింది. "ఈయన మిషన్ కాళ్ళు తిప్పారు. మోకాళ్ళ మీద ఉంటే ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నా. చూస్తే చేతిలో స్పానరుంది."

మెకానిక్ తన రసమట్టం తీసి పైన పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"నేను ఎట్ల పెట్టిన్నో గట్లనే ఉంది. ఎవలూ ముట్టలే."

మేడమ్ నా వైపు తిరిగింది. "గురువుగారూ, మీరేమంటారు?"

"నాకేం పనమ్మా దాంతో? నురగ నేనూ చూశాను."

సువార్త నావైపు చూసి, "సరిపోయిందా అండీ లెక్క?" అంది. అంతే.

సబ్బు పోసినందుకు కాదు, గురువుగారి మీద నింద వేసినందుకు ఆ సాయంత్రమే గది ఖాళీ చేయమంది మేడమ్. ఆ వీధిలో మరే ఇంట్లోనూ ఆవిడకి పని దొరకలేదు. మేడమ్ అందరికీ చెప్పింది. తల్లిని తీసుకుని బోరబండలో గుట్టమీది గదికి చేరిందనీ, ఆ మెట్లు ఎక్కలేక ముసలావిడ గడప దాటడం మానేసిందనీ తర్వాత ఆ ఇంటి వాచ్‌మన్ చెప్పాడు. ఆ మెట్లెన్నో నాకు తెలియదు. నేను లెక్కపెట్టని మెట్లు అవి మాత్రమే.

భయంతో అన్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. భయమైతే "నేను ముట్టలేదు" అంటే చాలు. నురగ ఎందుకు చూశాను? మెకానిక్ మాటతోనే నేను బయటపడ్డాక, నురగ మాట ఎవరూ అడక్కపోయినా ఇంకో అబద్ధం ఎందుకు జోడించాను? ఆవిడ పోవాలి. నా లెక్కను చూసి నవ్విన మనిషి ఆ వంటగదిలో ఉండకూడదు. కోరిక అదే. తీరింది. ఆ మేడమ్ మాట మీద నాకు ఇంకో రెండిళ్ళు దొరికాయి కూడా.

ఇప్పటికీ నాకు ఆవిడంటే ఇష్టం లేదు. కనిపిస్తే తల తిప్పుకుంటానేమో. పశ్చాత్తాపమంటే ప్రేమ పుట్టుకురావడమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ కాగితం ఆ మేడమ్‌కు పంపుతానో లేదో కూడా తెలియదు, పంపుతానని మాట ఇచ్చి మీ దగ్గర మంచి అనిపించుకోను.

సువార్త సబ్బు పోయలేదు. అబద్ధం ఆడలేదు. కాళ్ళు తిప్పి మిషన్‌ను వంచింది నేను, ఎవరికీ తెలియకుండా సరిచేసిందీ నేనే. ఇంతకాలం ఇది నా తలలోనే ఉంది. ఇప్పుడు బయట ఉంది.