డాక్టరమ్మ సమాధి నీళ్ళు

నేను బతికింది ఒక డాక్టరమ్మ వల్ల. ఆవిడ సమాధి చూడకుండా పోకూడదని, మొన్న వానలు వెలిశాక పొద్దున ఆరింటికి విజయవాడలో చల్లపల్లి బస్సెక్కాను.

నా చిన్నప్పుడు మా లంకల్లో కలరా వచ్చింది. మా ఇంట్లోనే ఇద్దరు పోయారు. అప్పుడు ఆవిడ కాలవగట్ల వెంట ఊరూరూ నడిచింది. బావుల్లో బ్లీచింగ్ పొడి కలిపిస్తే, విషం పెడుతోందని జనం మట్టిబెడ్డలు విసిరారు. ఆ నీళ్ళు ముందు తనే తాగి చూపించింది.

ఉయ్యూరు దాటాక, పక్క సీట్లో అమ్మాయి ఒళ్ళో ఉన్న పాప వాంతి చేసుకుంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఎప్పట్నుంచమ్మాయ్?"

"రాత్రి నుంచండి. విరేచనాలు కూడా. డాక్టరమ్మ సమాధి నీళ్ళు తాగిస్తే కట్టేస్తాయంట."

"ఏం నీళ్ళు?"

"కాలవ నీళ్ళేనండి. సమాధి మీద పోసి, పట్టి ఇస్తారు."

చల్లపల్లిలో దిగగానే ఆసుపత్రికి పదమన్నాను. "ముందు అక్కడికే ఎళ్ళమంది మా అత్త. ఆసుపత్రి ఎక్కడికి పోద్దండి మామ్మగారూ?" అంది. పిల్లను వదల్లేక నేనూ అదే ఆటో ఎక్కాను.

సమాధి దగ్గర తిరునాళ్ళలా జనం. రాతి మీద ఏదో చెక్కి ఉంది. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుని చదివాను: నీళ్ళు కాచి తాగండి. ఆ అక్షరాల మీదుగా జారే నీళ్ళనే అక్కడి మనిషి చెంబులో పడుతున్నాడు.

"ఆవిడ లేచొచ్చిందంటే ఆ చెంబు నీ నెత్తినేసి కొట్టుద్ది," అన్నాను.

"మీరూ ఓ గుక్క పట్టండి మామ్మగారూ. మోకాళ్ళ నొప్పులు కూడా పోతాయి," అన్నాడు నవ్వుతూ.

వాదించి లాభం లేదు. చెంబు లాక్కుని పక్కన టీకొట్టులో పొయ్యి మీద పెట్టించాను. తెర్లి చల్లారాక ఉప్పు, పంచదార కలిపిచ్చాను. సమాధి నీళ్ళే గనక ఆ అమ్మాయి కాదనకుండా తాగించింది. అదే ఆటో వెనక్కి తిప్పించి ఆసుపత్రిలో చేర్పించాను. సెలైన్ ఎక్కించారు. పాప నా మనవరాలనుకుని నర్సు నన్ను చెడతిట్టింది. పడ్డాను.

మూడింటికి పాప ఏడ్చింది. అప్పటిదాకా ఏడవడానికీ ఓపిక లేదు.

తల్లి వెంటనే ఫోన్ చేసింది. "అత్తయ్యా, డాక్టరమ్మ నీళ్ళు పనిచేశాయి! చంటోడికి కూడా తెస్తున్నా."

ఆ అమ్మాయి సంచిలో నిండు సీసా ఉంది.

"ఇదెప్పుడు పట్టావే?"

"మీరు టీకొట్టు దగ్గరున్నప్పుడండి."

"పారబొయ్యి."

"తప్పండి మామ్మగారూ," అని సీసా కొంగు కింద దాచుకుంది. ఎంత చెప్పినా ఇవ్వలేదు.

ఐదింటి బస్సెక్కాను. నా ముందు సీట్లలోనూ అలాంటి సీసాలే.

వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. చల్లపల్లి నుంచి ఆటోలు దొరుకుతాయి. దణ్ణం పెట్టుకోండి. అక్కడ చేతిలో పోసింది మాత్రం తాగకండి. కలరాని గెలిచిన మనిషిని మనం దేవతను చేసి ఓడించాం.